తోడికోడలి క్లాసులు

పంటి నొప్పని అబద్ధం చెప్పి ఇంట్లోంచి బయటపడిన చిన్నకోడలు, ఆ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్ వరండాలో, ఒకే ఇనప కడ్డీకి వరసగా బిగించిన ప్లాస్టిక్ కుర్చీల్లో చివరిదాని మీద కూర్చుని, నోట్లో లవంగాన్ని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి తోస్తోంది. లవంగం ఇచ్చింది తోడికోడలే. "నమిలెయ్యకు, పంటి కింద నొక్కి పెట్టుకో, రసం ఊరుతుంది" అంటూ డబ్బా మూత తీసి, వేలితో కలియబెట్టి చూసి, తల విరగని లవంగం ఒకటి ఏరి చేతిలో పెట్టింది. అక్కడితో ఊరుకుంటే ఆవిడ ఆవిడెందుకవుతుంది? "డాక్టరు దగ్గర 'మై టూత్ ఈజ్ పెయినింగ్' అనకు, నవ్వుతారు" అని కూడా అంది. ఇన్నేళ్ళు ఈ పరాయి దేశంలో బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పిన తనకు! మెట్లు దిగేదాకా చిన్నకోడలికి చెవులు కాలుతూనే ఉన్నాయి. ఆ ఇంట్లో ఏదీ ఉత్తినే రాదు, గ్లాసుడు నీళ్ళు ఇచ్చినా వాటితో పాటు ఒక గ్రామర్ పాయింటు మింగాల్సిందే. పెద్దకోడలు, పెద్దకోడలు అని అత్తగారు నెత్తిన పెట్టుకున్నది చాలక, సముద్రాలు దాటి వచ్చినా ఆ పెద్దరికం కూడా విమానమెక్కి వచ్చేసింది, దానికి సామాను బరువు పట్టింపు లేదు కాబోలు. ఇవాళ ఆవిడకు ఇక్కడ క్లాసుల్లేవు. ఇంట్లో దుప్పట్లు ఉతుక్కుంటూ ఉంటుంది. అందుకే ఇవాళ అయితే వస్తానని ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకు ఫోనులో చెప్పింది చిన్నకోడలు. చెప్పి, ఎందుకు ఇవాళే అని ఎవరూ అడగకపోయినా, వేరే రోజుల్లో కుదరదండీ అని సంజాయిషీ కూడా ఇచ్చుకుంది.

రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి ఇందాక కంప్యూటర్లో ఇంటిపేరు చూసి కనుబొమలెగరేసింది. "మా సీనియర్ మేడమ్ ఇంటిపేరూ ఇదే, మీకు ఏమవుతారు?" అని ఇంగ్లీషులో అడిగింది. "ఏమీ కారు, మా దేశంలో ఈ ఇంటిపేరు వాళ్ళు వేలల్లో ఉంటారు" అంది చిన్నకోడలు, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. ఎంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట, ముందే నోట్లో తయారుగా ఉన్నట్టు. అయినా అబద్ధమేముంది అందులో? ఆవిడ పుట్టింటి పేరు వేరు, తన పుట్టింటి పేరు వేరు, ఇద్దరన్నదమ్ములను కట్టుకున్న పాపానికి ఇద్దరి పేర్లకూ ముందు ఒకే తోక తగులుకుంది, రక్తసంబంధం ఉందా అంటే చుక్క లేదు. ఒక వంటగది సంబంధం ఉంది. ఒక బాత్రూమ్ సంబంధం ఉంది. పొద్దున ముందు ఎవరు వెళ్ళాలి, గీజరు ఎవరు ఆపలేదు, ఆ సంబంధం. దాన్ని ఇంగ్లీషులో ఏమనాలో ఆ అమ్మాయికి చెప్పినా అర్థం కాదు. కో-సిస్టర్ అంటే నవ్వుతారు, అది మనం కుట్టుకున్న మాట అని పెద్దకోడలే ఒకసారి నలుగురిలో చెప్పింది, అప్పటికి ఒక్క నిమిషం ముందే చిన్నకోడలు ఎవరికో ఆవిణ్ణి అలా పరిచయం చేసి ఉంది.

పక్క కుర్చీ కదిలితే ఈ కుర్చీ కూడా ఊగుతుంది. మూడో కుర్చీలో మోకాళ్ళు కనపడే నిక్కరు వేసుకున్న ఒక కుర్రాడు కాలు ఆడిస్తున్నాడు, ఆ ఊపు కడ్డీ వెంట వచ్చి ఆమె వెన్నులో తగులుతోంది. వీపుసంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు, ఊళ్ళు తిరుగుతూ మధ్యలో దిగినవాడిలా ఉన్నాడు. "ఇంగ్లీషు నేర్చుకోవడానికా?" అని అడిగాడు నవ్వుతూ, మర్యాదగానే. "నేర్పడానికి" అంది. "వావ్" అన్నాడు, కుక్కపిల్ల రెండు కాళ్ళ మీద నిలబడితే అన్నట్టు. తనెప్పుడూ పాఠం చెప్పలేదట, కానీ తన భాషే కదా, అందులో ఏముందట. నీ భాషే, నాయనా. నాకూ ఒక భాష ఉంది, పాలతో పాటు తాగిందే, అయితే మాత్రం 'వచ్చాడు'కీ 'వచ్చి ఉన్నాడు'కీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే నోరు వెళ్ళబెట్టనూ? నీ నోట్లో ఉన్నది నీ బుర్రలో ఉందని ఎవరు చెప్పారు? ఇంత తిట్టుకుని, పైకి మాత్రం పళ్ళు కనపడేలా నవ్వింది. ఎదురుగా గోడ మీద పోస్టరులో కూడా ఒకామె అలాగే నవ్వుతోంది, చెవులకు హెడ్‌ఫోన్లు, కింద పెద్దక్షరాలతో 'పుట్టుకతో వచ్చినట్టే మాట్లాడండి'. నీళ్ళ మిషను గుడుక్కుమంది. నిక్కరువాణ్ణి లోపలికి పిలిచారు. కుర్చీలన్నీ ఒక్కసారి కుదిపినట్టయి ఆగాయి.

పుట్టుకతో. ఆ మాటే కదా కొంప ముంచింది. తను పాఠాలు చెప్పే బడి చేతులు మారి, కొత్త ప్రిన్సిపాల్ వచ్చి, అందర్నీ ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి టీ ఇచ్చింది. టీ ఇచ్చినప్పుడే చిన్నకోడలికి గుండెల్లో రాయి పడింది, ఎందుకంటే ఆ బడిలో అంతకు ముందెవరూ ఎవరికీ టీ ఇవ్వలేదు. "ఇది మీ గురించి కాదు" అంది ఆ ప్రిన్సిపాల్, చాలా మెత్తగా, కప్పు కింద సాసరు తిప్పుతూ. తన గురించి కాకపోతే తనెందుకు కూర్చుంది ఆ కుర్చీలో? తల్లిదండ్రులు అడుగుతున్నారట, యాక్సెంట్ అట. ఒక తల్లి ఫోనులో పిల్లాడి గొంతు పట్టుకొచ్చి వినిపించిందట, వాడు అక్షరాలు చదువుతున్నాడు, ముద్దుగానే చదువుతున్నాడు, ఎల్ దగ్గరకొచ్చేసరికి యెల్, యెమ్, యెన్. అచ్చం తనలాగే. ప్రిన్సిపాల్ అది వినిపించినప్పుడు చిన్నకోడలికి ముందు నవ్వొచ్చింది, పరాయి దేశపు పిల్లాడి గొంతులోంచి తన ఊరి బడి, తన మాస్టారు, బెత్తం, అన్నీ వినపడ్డట్టయి. తర్వాత తల కొట్టేసినట్టయింది. పెన్సిలు పట్టుకోవడం రాని పిల్లలు వాళ్ళు, వేలు పట్టి గీయించింది, ముక్కులు తుడిచింది, గోడ మీద వాళ్ళు గీసిన బొమ్మలకు పేర్లు రాసింది. ఆ యెమ్‌తోనే వాళ్ళు మమ్మీ అని రాయడం నేర్చుకున్నారు. అదే మమ్మీ ఫోను పట్టుకుని వచ్చింది. దాని కడుపు చల్లగుండ, ఇప్పుడైనా దాని కొడుకు సరిగ్గా పలుకుతున్నాడో లేదో.

ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పిన రోజు అందరూ ఊరుకున్నారు. ఆ ఊరుకోవడంలో ఎవరిది ఎలాంటిదో చిన్నకోడలికి తెలుసు. బావగారిది అలవాటు, ఆ మనిషి ఏసీ మిషన్లు బాగుచేస్తూ నిచ్చెన మీంచి పడి నడుం పట్టేసినప్పటి నుంచీ మాటలు కూడా సగానికి తగ్గించాడు. మొగుడిది భయం. పెద్దకోడలిది మాత్రం, పిల్లి పాలగిన్నె చూసి ఊరుకున్నట్టు ఊరుకోవడం. రెండో రోజే చిక్కుడుకాయల సంచి తెచ్చి ముందు పెట్టింది. "ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావుగా, ఈనెలు తీసిపెట్టు." ఎలాగూ! ఆ మాట పట్టుకుని వారం రోజులు ఏడ్చింది చిన్నకోడలు, అదీ బాత్రూమ్‌లో, గీజరు వేసుకుని. తర్వాత సిగ్గు చంపుకుని అడిగింది, "అక్కా, మీ ఇన్‌స్టిట్యూట్‌లో ఏమైనా ఉంటే చెబుతారా?" అని. ఆ రోజు ఇంటికి చుట్టాలొచ్చారు, బావగారితో పనిచేసేవాళ్ళు, భార్యలతో సహా. వాళ్ళందరి ముందూ, పళ్ళెంలో కూర వడ్డిస్తూ, గరిటె కూడా ఆపకుండా, "మా దగ్గర ఖాళీలేం లేవమ్మా. ఉన్నా, పెద్దవాళ్ళకు చెప్పాలంటే నీ గ్రామర్ ఇంకా కాస్త గట్టిపడాలి" అంది. గట్టిపడాలి. తనేమన్నా పెరుగా? వచ్చినవాళ్ళు పళ్ళేల్లోకి చూసుకున్నారు. రాత్రి గదిలో తలుపేసుకుని మొగుణ్ణి నిలదీస్తే, "వదిన అన్నదంటే మంచికే అనుంటుంది" అన్నాడు. వదిన కాగితాలు పంపబట్టే తను ఈ దేశం రాగలిగాడట, వదిన లేకపోతే ఇంకా ఊళ్ళో మోటార్లు చుడుతూ ఉండేవాడట. అయితే వదిననే కట్టుకోవాల్సింది అని నోటి చివరిదాకా వచ్చింది. మింగేసి, దుపట్టా నడుముకు చుట్టి, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, "రిపీట్ ఆఫ్టర్ మీ" అని పెద్దకోడలి నడక నడిచి చూపించింది. మొగుడు దిండు నోట్లో కుక్కుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ గోడ వంక చూసి టక్కున ఆగిపోయాడు. పల్చటి గోడ. అవతల మంచం కిర్రుమంది.

ఈ ఇన్‌స్టిట్యూట్‌కు టీచరు కావాలన్న ప్రకటన కనపడింది మాత్రం అనుకోకుండా. అనుకోకుండానే. కంప్యూటర్లో వెతుకుతుంటే వచ్చింది, లోకంలో ఎవరికైనా వస్తుంది, తను కాకపోతే ఈ నిక్కరువాడికి వస్తుంది. పెద్దవాళ్ళకు, పరీక్షకు తయారయ్యేవాళ్ళకు, సాయంత్రం క్లాసులు. సోమ, మంగళ, గురు, శుక్ర. చూసిన వెంటనే చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. సోమ, మంగళ, గురు, శుక్ర. ఆ నాలుగు రోజులూ వంట తనది, ఎందుకంటే ఆ నాలుగు సాయంత్రాలూ పెద్దకోడలు ఇంట్లో ఉండదు. కుక్కరు ఎప్పుడు పెట్టాలో, ఆవిడ వచ్చేసరికి ఏది వేడిగా ఉండాలో, గొంతు పోయి వస్తుంది కాబట్టి కాచిన నీళ్ళు ఎప్పుడు దించాలో, ఆ క్లాసుల లెక్కనే కదా తన బతుకంతా తిరుగుతున్నది. వేరేవాళ్ళవేమో అనుకుంది. కొత్త బ్యాచులేమో. ఉండకూడదా? అలా అనుకుంటూనే, కిందటి నెల పెద్దకోడలు సోఫాలో కాళ్ళు చాపుకుని, "కొత్త మేనేజరు ఒకడు వచ్చాడు, ఎప్పుడూ నవ్వే మొహం, స్టూడెంట్లు ఏడుస్తున్నారట, కాస్త నవ్వించమంటాడు నన్ను, నేనేమన్నా జోకర్‌నా" అన్న మాట గుర్తొచ్చింది. అప్పుడు చిన్నకోడలు "అయ్యో" అంది. అయ్యో అంటూ, లోపల చంకలు గుద్దుకుంది. నీకూ వచ్చిందా తల్లీ, నీ దాకా వచ్చిందా. అవి ఆవిడ క్లాసులని తెలియదని ఎవరితోనైనా అనొచ్చు గానీ, ఈ కుర్చీలో కూర్చుని తనతో తను అనుకోవడం కష్టంగా ఉంది. తెలుసు. తన ముక్కు తన మొహం మీద ఉందని తెలిసినంత బాగా తెలుసు. బావగారికి పని సగమే దొరుకుతోందనీ, ఇల్లు ఇప్పుడు చాలావరకు ఆవిడ గొంతు మీదే నడుస్తోందనీ కూడా తెలుసు. ఏం, నా గొంతు మీద నడవదా? నా గొంతు మీద నడిస్తే ఇల్లు కూలిపోతుందా? లవంగాన్ని కసుక్కున కొరికింది. నాలుక చివర మంట.

తలుపు తెరుచుకుంది. నిక్కరువాడు బొటనవేలు పైకెత్తి చూపించుకుంటూ వెళ్ళిపోయాడు, పగటిపూట మాట్లాడించే క్లాసులు వాడికి ఇచ్చేశారట, రేపే మొదలట. వాడి వెనకే మేనేజరు వచ్చాడు, పెద్దకోడలు చెప్పినట్టే ఎప్పుడూ నవ్వే మొహం, ఆ నవ్వులో పళ్ళ కన్నా చిగుళ్ళు ఎక్కువ. చిన్నకోడలి చెయ్యి పట్టుకుని ఊపి, ఒక నమూనా పాఠం చెప్పాలన్నాడు, నిజమైన స్టూడెంట్లే, క్లాసు లేని రోజయినా అడగ్గానే వచ్చారన్నాడు. "మా సీనియర్ మేడమ్ కూడా వెనక కూర్చుని చూస్తారు, మీకు అభ్యంతరం లేదు కదా? ఇవాళ సెలవైనా రమ్మంటే వచ్చారు పాపం." అభ్యంతరం. వరండా చివర లిఫ్టు తలుపులు విడిపోయి, అందులోంచి పెద్దకోడలు, ఇస్త్రీ చేసిన నీలం కుర్తా, చంకలో సంచి, చేతి వేళ్ళకు ఇంకా సబ్బు తడి ఆరినట్టు లేదు, దుప్పట్లు మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది, వస్తూ వస్తూ చిన్నకోడల్ని చూసి ఆగింది. రెండంటే రెండే రెప్పపాట్లు. రిసెప్షన్ అమ్మాయి హుషారుగా, "మేడమ్, ఈవిడదీ మీ ఇంటిపేరే, కానీ మీకేమీ కారట!" అంది. పెద్దకోడలు ఆ అమ్మాయిని చూసింది, మేనేజర్ని చూసింది, ఆఖర్న చిన్నకోడలి బుగ్గ వంక చూసింది. "అవును" అంది ఇంగ్లీషులో. "ఏమీ కాము." ఆ స్వరంలో కోపం ఉంటే బాగుండేది. తప్పు వాక్యం చదివి పక్కన పెట్టేసినప్పటి స్వరం అది.

క్లాసులో పదిమంది దాకా ఉన్నారు, ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు, ఒక హోటల్ వంటమనిషి, జుట్టు కత్తిరించే అమ్మాయి, ఆసుపత్రి బట్టల్లోనే వచ్చేసిన ఒక నర్సు. అందరూ ఈ పరీక్ష గట్టెక్కితే గానీ బతుకులో తర్వాతి మెట్టు ఎక్కలేనివాళ్ళే. పెద్దకోడలు వెళ్ళి వెనక వరసలో కూర్చోగానే అందరి వీపులూ నిటారుగా అయిపోయాయి. అది చూసి చిన్నకోడలికి పట్టుదల వచ్చేసింది. ఉండు, వీళ్ళను ఇప్పుడే నవ్విస్తాను, నీ కళ్ళ ముందే నవ్విస్తాను. 'ఇఫ్' వాక్యాలు చెప్పమన్నారు. బోర్డు మీద రాయలేదు, రూలు చెప్పలేదు, ఒక డ్రైవర్ని లేపి నిలబెట్టి, నువ్వే ఈ ఇన్‌స్టిట్యూట్ మేనేజరువైతే ఏం చేస్తావని అడిగింది. వాడు టీచర్లందరికీ సెలవు ఇచ్చేస్తానన్నాడు. గొల్లుమన్నారు. తలుపు దగ్గర మేనేజరు కూడా చిగుళ్ళన్నీ బయటపెట్టాడు. ఒక్క నర్సు మాత్రం నవ్వే ముందు ప్రతిసారీ వెనక్కి తిరిగి పెద్దకోడలి మొహం చూసి, ఆ తర్వాత నవ్వుతోంది, లేదా మానేస్తోంది. చిన్నకోడలికి ఒళ్ళు తేలిపోతోంది, ఎన్నాళ్ళయింది ఇలా నిలబడి, పదిమంది కళ్ళు తన మీద, తన చెయ్యి ఎటు కదిలితే అటు, ఇదీ తన పని, చిక్కుడుకాయల ఈనెలు కాదు. అప్పుడు ఆ నర్సే చెయ్యెత్తి లేచింది. "ఇఫ్ ఐ వాజ్ అనాలా, ఇఫ్ ఐ వర్ అనాలా?" అని అడిగింది. "మాటల్లో రెండూ నడుస్తాయి, భయపడకు, హాయిగా మాట్లాడు" అంది చిన్నకోడలు. నర్సు కూర్చోలేదు. "పరీక్షలో?" అంది. చిన్నకోడలు నవ్వుతూనే, "ఎక్కువ ఆలోచించకు" అంది. వెనక వరసలోంచి, పెద్దగా కాదు, మామూలు గొంతుతో, "వర్" అని వినపడింది. "ఇఫ్ ఐ వర్. పరీక్షలో వాజ్ రాస్తే మార్కు పోవచ్చు. నీకు పోగొట్టుకోవడానికి మార్కులు లేవు." నర్సు తలూపి, వెంటనే రాసుకుని, కూర్చుంది. ఆ తలూపడం చూశాక చిన్నకోడలికి ఒళ్ళు భగ్గుమంది. ఇంట్లో చాలదా, ఇక్కడ కూడానా, నా పదిమంది ముందు, నా పాఠం మధ్యలో గరిటె పెడతావా! మిగిలిన పాఠం అంతా ఆ ఒక్కదాని మీద కసితోనే చెప్పింది, అందుకే ఇంకా బాగా చెప్పింది, వంటమనిషి బల్ల కొట్టి మరీ నవ్వాడు. అయిపోయాక చప్పట్లు కొట్టారు. నర్సు గుమ్మం దగ్గర ఆగి, మెల్లగా, "మీరు వస్తే ఆ మేడమ్ కూడా ఉంటారు కదా?" అని అడిగింది. "ఏం, ఆవిడంటే భయమా?" అంది చిన్నకోడలు. "రెండుసార్లు ఏడిపించారు. కానీ ఆవిడ వల్లే, తప్పిన పరీక్ష ఈసారి పాసయ్యేదాకా వచ్చింది." చిన్నకోడలు బోర్డు తుడిచింది. బోర్డు మీద ఏమీ లేదు.

మేనేజరు గదిలో ముగ్గురూ కూర్చున్నారు. చిన్నగది, మోకాళ్ళు బల్లకు తగులుతున్నాయి, చిన్నకోడలి మోచెయ్యి పెద్దకోడలి సంచికి తగిలి వెనక్కి వచ్చింది. "ఏమంటారు మేడమ్?" అని అడిగాడు మేనేజరు. పెద్దకోడలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇప్పుడు గట్టిపడాలంటుంది, గ్రామర్ అంటుంది, చెప్పు, చెప్పి పుణ్యం కట్టుకో. "ఈమెకు మనుషులను దగ్గరకు తీసుకోవడం తెలుసు" అంది పెద్దకోడలు, అచ్చు వేసినట్టుండే తన ఇంగ్లీషులో. "అది నాకు చేతకాదు. ఈమె క్లాసుకు స్టూడెంట్లు ఒక్క రోజు మానకుండా వస్తారు. సంతోషంగా వస్తారు. పరీక్ష మాత్రం గట్టెక్కరు." చిన్నకోడలికి కొరడాతో కొట్టినట్టయింది, అందులో మొదటి సగం ఎందుకు చెప్పిందో అర్థం కాక ఇంకా మండింది. మేనేజరు మాత్రం పకపకా నవ్వాడు. "సంతోషంగా వస్తే చాలు మేడమ్, మనకు కావలసింది అదే! పాసవడం వాళ్ళ అదృష్టం." అని చిన్నకోడలి వైపు తిరిగి చెయ్యి చాపాడు. ఉద్యోగం మీదే అన్నాడు. వచ్చే సోమవారం నుంచి అన్నాడు. అదే ఊపిరిలో పెద్దకోడలి వైపు తిరిగి, ఇక సాయంత్రాలు ఆవిడకు శ్రమ అక్కర్లేదనీ, ఇంటి దగ్గరే కూర్చుని అభ్యాసాలు తయారుచేసి పంపవచ్చనీ, అవసరమైనప్పుడు తనే కబురు చేస్తాననీ అన్నాడు. "మీ గొంతుక్కూడా విశ్రాంతి" అన్నాడు. నవ్వుతున్నాడు ఇంకా.

పెద్దకోడలు కళ్ళజోడు పెట్టుకోలేదు. కళ్ళజోడు లేని ఆ మొహం చిన్నకోడలికి ఇంట్లో కూడా ఎక్కువగా తెలియదు, ముక్కుకు రెండు వైపులా ఎర్రటి గుంటలు, వాటి మధ్య కళ్ళు చిన్నవిగా, ఎటు చూడాలో తెలియనట్టు. బల్ల అంచు పట్టుకుంది. అప్పుడు, ఆ గదిలో మొదటిసారి, తెలుగులో, చాలా నెమ్మదిగా, "నా క్లాసులని తెలిసే వచ్చావా?" అని అడిగింది.

మేనేజరు నవ్వు ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఏమన్నారు మేడమ్? మీ భాషా అది?" అని చిన్నకోడల్ని అడిగాడు. ఇప్పుడు అవునంటే, ఇందాక ఏమీ కారన్నది ఏమవుతుంది? అబద్ధాలకోరుకు పాఠాలు ఎవరిస్తారు? ఆ చెయ్యి ఇంకా బల్ల మీద చాచే ఉంది. అయినా ఆ లెక్కలేవీ వేసుకున్నాక కాదు మాట వచ్చింది, మాట వచ్చాక వేసుకుంది. "సారీ" అంది చిన్నకోడలు ఇంగ్లీషులో, "ఆ భాష నాకు రాదు." రాదు అన్న ఆ మాటను కూడా లోపల తను తెలుగులోనే అనుకుని బయటికి ఇంగ్లీషులో అన్నది. తల్లి జోలపాడిన భాష, ఇందాక ఆ కుర్చీలో కూర్చుని ఈ లోకాన్నంతా తిట్టిన భాష, రాదు. పెద్దకోడలు ఒక్కసారి తలెత్తి చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం. అదీ ఒక్క క్షణమే. కళ్ళజోడు పెట్టుకుంది, లేచింది. "ఏం లేదు" అంది మేనేజరుతో. "శుభాకాంక్షలు చెప్పాను." తలుపు చప్పుడు లేకుండా వేసి వెళ్ళిపోయింది. మేనేజరు చెయ్యి మెత్తగా, చెమటగా ఉంది.

ఇంటికి వెళ్ళే బస్సు ఒకటే. కావాలని ఆలస్యం చేసింది, మెట్లు దిగి మళ్ళీ ఎక్కింది, నీళ్ళ మిషను దగ్గర నీళ్ళు తాగింది. అయినా స్టాపులో పెద్దకోడలు ఉండనే ఉంది, అదే బస్సు ఎక్కనే ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని సంచి పక్క సీట్లో పెట్టుకుంది. బస్సు సగం ఖాళీ. చిన్నకోడలు ఎక్కడైనా కూర్చోవచ్చు. వెళ్ళి ఆ సీటు పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడింది. అద్దంలో వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. మలుపులో ఒళ్ళు అటు తూలి ఇటు తూలింది. ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చెప్పాలి, బావగారి ముందు ఎలా నిలబడాలి, మొగుడికి వదిన తర్వాతే దేవుడు, అతను ఏమంటాడు? తిట్టు. చెంప మీద కొట్టు, పెద్దదానివి కదా. అలా మాత్రం కూర్చోకు.

"అక్కా" అంది.

పెద్దకోడలు తల తిప్పింది. క్లాసుకు ఆలస్యంగా వచ్చినవాళ్ళను చూసే చూపు. "ఐ యామ్ సారీ, ఐ డోంట్ అండర్‌స్టాండ్" అంది.

"అక్కా, అది కాదు, మీకు చెబుదామనే..."

"ఇన్ ఇంగ్లిష్, ప్లీజ్."

ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. చిన్నకోడలికి మొహం జేవురించింది. "అందరూ చూస్తున్నారక్కా" అంది గొంతు తగ్గించి. పెద్దకోడలు వేచి ఉంది, జవాబు తెలియని స్టూడెంటు కోసం ఎంతసేపైనా వేచి ఉండగల ఓపికతో. సరే. "ఐ యామ్ సారీ" అంది చిన్నకోడలు.

"ఫర్ వాట్? ఫుల్ సెంటెన్స్."

ఫుల్ సెంటెన్స్. దేనికి సారీ? ఉద్యోగం తీసుకున్నందుకా? తీసుకోకపోతే నిక్కరువాడి లాంటివాడు ఇంకొకడు తీసుకునేవాడు, ఆ నవ్వు మొహం నిన్ను ఎలాగూ ఇంటికి పంపేవాడు. దొంగతనంగా వచ్చినందుకా? చెప్పి వస్తే రానిచ్చేదానివా? నాకు చేతకాదు అన్నావు చూడు అక్కడ, పరాయివాడి ముందు, నాకున్నది నీకు లేదని, ఆ ఒక్క మాట ఇంట్లో ఎప్పుడైనా అన్నావా? చుట్టాల ముందు గరిటె పట్టుకుని ఏమన్నావు? తెలుగు రాదన్నందుకా, దానికా? దానికి సారీ చెప్పాల్సింది నీకు కాదు. నోరు తెరిచింది, 'దట్ ఐ' అంది, ఆగింది. బస్సు బ్రేకు వేసింది, కడ్డీ అరచేతిలో జారింది, ఈ స్టాపు కాదు, తర్వాతిది. ముసలాయన దిగిపోయాడు. వాక్యం మొదటి నుంచి మొదలుపెట్టింది, ఎంత వెతికినా దాని రెండో సగం కనపడలేదు, కనపడిందల్లా ఇన్నేళ్ళ మంట, ఆ మంటకు ఇంగ్లీషూ లేదు తెలుగూ లేదు.

"ఐ యామ్ నాట్ సారీ" అంది చిన్నకోడలు.

పెద్దకోడలు ఆమె మొహంలోకి చూసింది, ఈసారి చాలాసేపు. గడ్డం కొద్దిగా కిందికి దిగింది, నాలుగు తప్పుల తర్వాత అయిదోసారి సరిగ్గా రాసినవాళ్ళ దగ్గర దింపినట్టు.

"ఈ వాక్యంలో తప్పేమీ లేదు" అంది ఇంగ్లీషులోనే, అని కిటికీ వైపు తిరిగింది. పక్క సీట్లో సంచి మాత్రం అలాగే ఉంది. చిన్నకోడలు స్టాపు వచ్చేదాకా, అన్ని ఖాళీ సీట్ల మధ్యా, కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది.